ఎన్నో కాన్పు?

మా ఆవిడ రెండోసారి నెల తప్పినప్పుడు మా ఇంట్లో ఒక్క మాట మీద పేచీ వచ్చింది. ఇది తొలికాన్పా, రెండో కాన్పా?

బయటివాళ్ళకి ఇదేం ప్రశ్న అనిపించొచ్చు. మా గోదావరి వైపు మాత్రం ఈ మాట మీద చాలా ఆధారపడి ఉంటుంది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వచ్చి అమ్మాయిని తీసుకెళ్తారు, బిడ్డ మెడ నిలిపాక పంపిస్తారు. రెండో కాన్పుకి ఆ పట్టింపు లేదు. ఎక్కడైనా సరే, కావలిస్తే తల్లే కూతురి దగ్గరికి వస్తుంది. మేం క్రైస్తవులం కాబట్టి సీమంతం బదులు ప్రార్థన కూడిక పెట్టుకుంటాం గానీ, పుట్టింటి విషయంలో మేమూ ఎవరికీ తీసిపోం. అందుకని మా అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేసి, తొలికాన్పు కదా, ఏడో నెల రాగానే వచ్చి తీసుకెళ్తాం అన్నారు. మా ఆవిడ "రెండోదమ్మా" అంది. అవతల ఆవిడ ఏమన్నారో నాకు వినపడలేదు. మా ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతకు ముందు చలికాలం మాకు ఒక పాప పుట్టింది. ఏడవలేదు.

నెలలు నిండిన పాప. పేగు మెడకి చుట్టుకుందని చెప్పారు. మా ఆవిడ నర్సు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మేం అద్దెకుండే ఫ్లాట్‌కి దగ్గర్లోనే తను పనిచేసే ఆసుపత్రి. తెలిసిన డాక్టర్లు, తెలిసిన చేతులు, ఊరెళ్ళి చిన్న నర్సింగ్‌హోమ్‌లో చేరడం కంటే ఇదే మేలని తను అనుకుంది, నేనూ సరే అన్నాను. ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. అర్జంటుగా ఆపరేషన్ చేశారు, చెయ్యగలిగిందంతా చేశారు. కబురు తెలియగానే మా అత్తగారు రైలెక్కారు. పొగమంచుకి ఆ రైలు ఆగి ఆగి వచ్చేసరికి, పాస్టరుగారూ నేనూ చర్చివాళ్ళు ఇద్దరూ సమాధుల తోటకి వెళ్ళి వచ్చేశాం. ఆవిడ స్టేషన్ నుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చి కూతురి మంచం పక్కన కూచున్నారు. పాపకి మేం పేరు పెట్టలేదు. మా ఇద్దరి మధ్యా పాప అంటే ఇప్పటికీ తనే.

పేచీ సంగతికొస్తే, అత్తగారు రోజూ ఫోన్ చేసేవారు. ఊళ్ళో ఎవరడిగినా అమ్మాయికి తొలిచూలనే చెబుతున్నానని, అయిందేదో అయింది, దేవుడు మళ్ళీ మొదటి నుంచి ఇస్తున్నాడని, అలా అనుకుంటేనే గుండె దిటవుగా ఉంటుందని ఆవిడ వాదన. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ఊరెళ్తే విశ్రాంతి, తల్లి చేతి వంట, అడగకుండా తలకి నూనె పెట్టే మనిషి. మాటదేముంది, ఏదనుకుంటే ఏం అని మా ఆవిడతో అన్నాను కూడా.  కొన్నాళ్ళపాటు నా టీలో చక్కెర తగ్గింది.

నాది నోయిడాలో ఉద్యోగం. మా కంపెనీ ఒక సిమ్యులేటర్ తయారుచేస్తుంది. మెట్రో స్టేషన్ కట్టకముందే దాన్ని కంప్యూటర్లో నిలబెట్టి, ఉత్తుత్తి జనాన్ని లోపలికి వదిలి, సెక్యూరిటీ చెకింగ్ దగ్గర ఒక్కొక్కరూ ఎంతసేపు క్యూలో నిలబడాల్సి వస్తుందో చూసే ప్రోగ్రామ్ అది. ఆ రోజుల్లో అది జనం నిలబడే సమయాన్ని సగటున మరీ తక్కువ చూపిస్తోంది. ఎంత తక్కువో నాకు ఒళ్ళు నొప్పులతో సహా తెలుసు, ఎందుకంటే రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని నిజం క్యూలో నిలబడేది నేనే. మా టీమ్‌లో తప్పు బయటపడితే ముందు అది ఎవరు రాశారో చూస్తారు, తరవాత ఏం రాశారో చూస్తారు. క్యూ భాగం రాసినవాణ్ణి తిట్టారు, జనాన్ని వదిలే భాగం రాసినామెని తిట్టారు. నాకు విసుగొచ్చి, ముందు ఈ అంకె లోపల ఎలా దాచి ఉందో చూద్దాం, తిట్లెక్కడికీ పోవు, తరవాత తిట్టుకోవచ్చు అన్నాను.

సగటు అనేది లోపల ఎక్కడా ఉండదు. రెండు వేరియబుల్స్ ఉంటాయి. ఒకటి సమ్, అంటే అందరూ నిలబడిన సమయం మొత్తం కలిపి. రెండోది కౌంట్, అంటే ఎంతమంది అన్నది. మనం అడిగినప్పుడు మొదటిదాన్ని రెండోదానితో భాగించి చూపిస్తుంది, అంతే. ఇందులో ఇంకో సంగతి ఉంది. సిమ్యులేటర్ మొదలయ్యేటప్పుడు స్టేషన్ ఖాళీగా ఉంటుంది. ముందొచ్చినవాళ్ళకి క్యూ ఉండదు, గబగబా దాటిపోతారు. వాళ్ళని ఉంచితే మిగతా లెక్క పాడవుతుంది. అందుకని కాసేపు నడిచాక రీసెట్ చేస్తారు. అప్పటిదాకా వచ్చినవాళ్ళని లెక్కలోంచి తీసేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు.

ప్రోగ్రామ్‌ని సరిగ్గా ఆ రీసెట్ అయిన చోట ఆపి, రెండు వేరియబుల్స్‌నీ తెరిచి చూశాను. సమ్‌లో సున్నా ఉంది. కౌంట్‌లో లేదు. అందులో వందలమంది అలాగే ఉన్నారు. రీసెట్ రాసిన మనిషి ఒకదాన్ని చెరిపి రెండోదాన్ని మరిచిపోయాడు. ముందొచ్చినవాళ్ళు నిలబడిన సమయం పోయింది గానీ వాళ్ళు మాత్రం పోలేదు. సగటు తీసిన ప్రతిసారీ ప్రోగ్రామ్ వాళ్ళకీ ఓ వాటా వేస్తోంది. కౌంట్‌ని కూడా సున్నా చెయ్యమని ఒక్క లైను కలిపితే చాలు. కలిపాను, సగటు పైకి లేచి నేను నిలబడే క్యూ దాకా వచ్చింది.

అక్కడితో లేచి టీకి వెళ్ళిపోవాల్సింది. సరిగ్గా బాగుపడిందో లేదోనని చిన్న పరీక్ష పెట్టాను. స్టేషన్లోకి ఒకే ఒక్క మనిషిని వదిలాను. క్యూ లేదు కాబట్టి ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఆగకుండా వెళ్ళిపోయాడు. తెర మీద సగటు సున్నా అని వచ్చింది. తరవాత ఎవరినీ వదలకుండా నడిపాను. భాగించడానికి ఎవరూ లేకపోతే సున్నా చూపించమని రాసి ఉంది కాబట్టి అప్పుడూ తెర మీద సున్నాయే. బయట నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకటే. లోపల తెరిచి చూస్తే, ఎవరూ రానప్పుడు రెండింటిలోనూ సున్నా ఉంది. ఒక మనిషి వచ్చి ఆగకుండా వెళ్ళిపోయినప్పుడు సమ్‌లో సున్నా, కౌంట్‌లో ఒకటి ఉంది.

ఆ ఒకటిని చూస్తూ కూచుండిపోయాను. నేను ప్రతిదానికీ పోలికలు వెతుక్కునే రకాన్ని కాదు, అలాంటివాళ్ళని చూస్తే నాకు చిరాకు కూడా. అయినా ఏడుపొచ్చింది. పక్క సీటతను ఏమైందని అడిగాడు. కళ్ళు మండుతున్నాయి, పొల్యూషన్ అన్నాను. దీపావళి వెళ్ళిన రోజులు, ఢిల్లీలో ఆ సమయంలో ఈ అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు.

మా ఆవిడకి నా పని గురించి వినడం ఇష్టం. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని, ఇవాళ ఏం బాగుచేశారండీ అని అడుగుతుంది, ఫ్యాను బాగుచేసే మనిషిని అడిగినట్టు. ఆ సాయంత్రం కూడా అన్నాలు తింటుంటే అడిగింది. రీసెట్ కథంతా చెప్పాను, పరీక్ష సంగతి మాత్రం చెప్పలేదు. తను విని, ఆసుపత్రిలో ఇలా ఒక్క అంకెతో సరిపెట్టరని చెప్పింది. ఎన్నిసార్లు కడుపొచ్చింది, ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికున్నారు, మూడూ విడివిడిగా రాస్తారట. తన పేరు పక్కన ఏమేం రాశారో తను చెప్పలేదు, నేను అడగలేదు. కాసేపు అన్నం కెలుకుతూ కూచుంది.

"ఆ ముందొచ్చినవాళ్ళని ఎందుకు తీసెయ్యడం?" అని అడిగింది.

వాళ్ళుంటే తరవాత వచ్చేవాళ్ళ లెక్క చెడుతుందని చెప్పాను.

"మా అమ్మ అనేదీ అదేనండీ."

కోపంగా అనలేదు. తరవాత మెల్లగా చెప్పింది. ఊరెళ్ళడానికి తనకేమీ అభ్యంతరం లేదు. అమ్మ దగ్గరుండాలని తనకీ ఉంది. కానీ తొలికాన్పు పేరుతో తీసుకెళ్తే అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ పాప పుట్టనే లేదని తను ఒప్పుకున్నట్టే. తొమ్మిది నెలలు మోసి, కుట్లు వేయించుకుని, పాలొస్తే గుడ్డ బిగించి కట్టుకున్న మనిషి అలా ఎలా ఒప్పుకుంటుందంది. అప్పుడు చెప్పాను నేను, ఆ ఒక్క మనిషిని వదిలిన పరీక్ష గురించి. చెప్పడం పూర్తికాకముందే ఇద్దరం ఏడ్చాం. పాప పోయాక మేం కలిసి ఏడవడం అదే మొదటిసారి. అంతవరకూ ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చేవాళ్ళం.

మర్నాడు నేనే అత్తగారికి ఫోన్ చేశాను. రెండో కాన్పు కదా అత్తయ్యగారూ, ఇక్కడే చేయిద్దాం, మీరే రావాలి అన్నాను. రెండో అన్న మాటని కావాలనే ఒత్తి పలికాను. ముందు, అమ్మాయి వేళకి తింటోందా అని అడిగారు. తరవాత, అలాగే బాబూ అన్నారు. అది సరేననడమే గానీ ఒప్పుకోవడం కాదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆవిడ జనవరిలో వచ్చారు. సంచుల నిండా వాము, బాలింతకి పెట్టే కాయం దినుసులు, బిడ్డని చుట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరల ముక్కలు. ఇల్లు నిండిపోయింది. కూతురికి ఏం వండాలన్న దాని మీద తప్ప ఇంకేం మాట్లాడేవారు కాదు. పాప ఊసు ఎత్తేవారు కాదు, మేం ఎత్తితే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేవారు. మా ఆవిడ రోజురోజుకీ ముభావంగా అయిపోయింది. ఒకే గదిలో తల్లీ కూతుళ్ళు వంకాయ కూర గురించి మాట్లాడుకుంటుంటే, ఆ మాటలు వినడం నాకు కష్టంగా ఉండేది.

మా ఫ్లాట్ల మధ్య చిన్న పార్కు ఉంది. చలికాలం మధ్యాహ్నం ఎండ వస్తే ఆడవాళ్ళంతా చాపలేసుకుని పచ్చి బఠాణీలు ఒలుస్తూ కూచుంటారు. హిందీ రాకపోయినా అత్తగారు ఆ గుంపులో కలిసిపోయారు. బఠాణీలు ఒలవడానికి భాష అక్కర్లేదు. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చాక, మా ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. కింద పక్కింటి ఆంటీ మా అత్తగారిని, మా బాల్కనీ వైపు చూపిస్తూ, "పెహలా హై న?" అని అడిగింది. మొదటిదేనా అని. ఆ మాత్రం హిందీ అత్తగారికి అర్థమైంది. నవ్వి, అవునని తలాడించారు.

మా ఆవిడ చేతిలో ఉన్న తడి చొక్కాని బకెట్లో పడేసి లోపలికొచ్చి మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ మోయలేని కడుపుతో, గోడ వైపు తిరిగి. నాకు కోపం తొందరగా వస్తుంది, వస్తే పోదు. ఇవాళ అటో ఇటో తేల్చెయ్యాలని చెప్పులేసుకుని కిందికి దిగాను. అదృష్టవశాత్తూ ఆంటీ లేచి వెళ్ళిపోయింది. అత్తగారు ఒక్కరే మా మెట్ల పక్కన ఎండలో కూచుని ఉన్నారు. నేను ఎదురుగా కూచుని, ఎందుకలా చెప్పారండీ అని అడిగాను. గొంతు తగ్గించే అడిగానని అనుకుంటున్నాను.

ఆవిడ నా వంక చూడలేదు. గిన్నెలో గింజలు కలుపుతూ ఉన్నారు.

"నేను చూళ్ళేదు బాబూ," అన్నారు. "ఎలాగుందో మీరెవరూ చెప్పలేదు. మొహం తెలీని పిల్లని ఎలాగ లెక్కెట్టుకోను?"

నా కోపం ఎక్కడ పోయిందో తెలీదు. ఏడాది పైగా మేం ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేదన్నది నిజం. చెబితే ఆవిడ తట్టుకోలేరని మేం, అడిగితే మేం తట్టుకోలేమని ఆవిడ. ఊళ్ళో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. మాకైనా ఒక రూపం ఉంది. ఆవిడకి మిగిలింది ఆగి ఆగి నడిచిన ఒక రైలు, ఖాళీ చేతులతో మంచం మీదున్న కూతురు.

పాపని ఎత్తుకున్నది నేను. మా ఆవిడకి మత్తు దిగీ దిగకముందే చూపించారు గనక తనకి సగమే గుర్తు. సమాధుల తోట దాకా నా ఒళ్ళోనే ఉంది. అందుకని ఆ ఎండలో కూచుని, పాపని తల నుంచి పాదాల దాకా అత్తగారికి చెప్పాను. ఎంత బరువుందో చెప్పడానికి చేతులు చాపి చూపించాను. కళ్ళు మూసుకునే ఉన్నా కనుబొమలు ముడేసినట్టు ఉన్నాయని, చేతి గోళ్ళు పెరిగి ఉన్నాయని, ఒక చెవి కొంచెం మడత పడి ఉందని చెప్పాను. కాలి రెండో వేలు బొటనవేలి కంటే పొడుగన్నాను. అత్తగారు చీర కుచ్చిళ్ళు కాస్త జరిపి తన పాదం చూపించారు. అదే వేలు, అదే పొడుగు. అలాంటి వేలున్న ఆడపిల్ల మొగుణ్ణి కొంగుకి కట్టేసుకుంటుందని మా వైపు వేళాకోళం చేస్తారు.

"మా ఇంటి పిల్లే," అని అప్పుడు ఏడ్చారు. కొంగు నోట్లో కుక్కుకుని, ఢిల్లీ ఎండలో, ఎదురుగా అల్లుడున్నాడని కూడా చూసుకోకుండా ఏడ్చారు. ఆపమని నేను అనలేదు. ఏడవనిచ్చాను.

మా ఆవిడ ఎప్పుడు దిగి వచ్చిందో చూడలేదు. మెట్ల మలుపులో నిలబడి వింటోందట. తనకి తెలియని సంగతులు కూడా అందులో ఉన్నాయి, ఆ చెవి సంగతి నేను తనకీ ఎప్పుడూ చెప్పలేదు. వచ్చి, నడుం పట్టుకుని మెల్లిగా తల్లి పక్కన కూలబడింది. ఏ చెవి అని అడిగింది. ఎడమ చెవి అన్నాను.  తరవాత అత్తగారు కొన్ని బఠాణీ కాయలు కూతురి ఒళ్ళో వేశారు, తను ఒలవడం మొదలుపెట్టింది.

ఆ తరవాత అంతా బాగుపడిపోయిందని చెప్పలేను. అత్తగారు అదివరకు చెప్పినవాళ్ళెవరి దగ్గరా తమ మాట మార్చుకోలేదు, మేమూ మార్చమనలేదు. తొలికాన్పు అనడం మాత్రం మానేశారు. ఎవరైనా అడిగితే, నెలలు నిండుతున్నాయండి అని వేరే జవాబేదో చెప్పేవారు. ఒక్కోసారి నేను ఆఫీసు నుంచి రాగానే ఏదో గుర్తొచ్చినట్టు, గడ్డం ఎవరిదొచ్చింది బాబూ అనేవారు, వెనకా ముందూ ఏమీ లేకుండా. నేను చెప్పేవాణ్ణి. అలా ముక్కలు ముక్కలుగా ఆవిడ అంతా అడిగి తెలుసుకున్నారు.

ఫిబ్రవరి చివర, డాక్టరు చెప్పిన రోజున మా ఆవిడని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఆ తలుపు బయట అత్తగారూ నేనూ కూచున్నాం. ఆవిడ ప్రార్థన చేసుకుంటున్నారు. నాకు ప్రార్థన రాలేదు. తలుపు అవతల నుంచి ఏడుపు వినపడాలి, అది ఒక్కటే నాకు కావాలి. వినపడకపోతే నేను ఏమైపోతానో నాకు తెలీదు. లోపల ఏదో గిన్నె చప్పుడైతే లేచి నిలబడ్డాను. మళ్ళీ కూచున్నాను. తరవాత పిల్లి కూనలాగా సన్నగా ఒక ఏడుపు వచ్చింది, ఆగింది, ఈసారి గట్టిగా వచ్చింది. అత్తగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఏడుపు వినపడ్డందుకు సంతోషం వచ్చింది. దాని వెనకే, పోయినసారి వినపడని ఏడుపు కూడా గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి, దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

నర్సు బిడ్డని తెచ్చి, ఎవరు ఎత్తుకుంటారంది. నేను అత్తగారి వైపు చూపించాను. ఆవిడ చీర చెంగుకి చేతులు తుడుచుకుని, రెండు చేతులా అందుకుని, చాలాసేపు మొహమే చూస్తూ నిలబడ్డారు. చెవులు చూశారు. పాదాలకి చుట్టిన గుడ్డ తొలగించి చూశారు. ఫోన్ చేసి చెప్పాలి, మామయ్యగారు అక్కడ కంగారు పడుతుంటారని గుర్తుచేశాను. నంబరు కలిపి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. దూరం నుంచి మాట్లాడేటప్పుడు అరిచి చెప్పడం ఆవిడకి అలవాటు, వరండాలో అందరూ తిరిగి చూశారు.

"అమ్మాయేనండి. తల్లీ పిల్లా బాగున్నారు," అన్నారు. అవతల ఆయన పోలికలు అడిగినట్టున్నారు. ఆవిడ బిడ్డ నెత్తి మీద గుడ్డ కాస్త పక్కకి జరిపి చూశారు.

"పెద్దదానికి జుట్టు ఒత్తుగా, చెవుల మీదకి ఉండేది. దీనికి అంత లేదండి."